రాహుకాలంలో వేలం

మా ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆమెను దేవత అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఆమె కుట్టుపని చేసే మనిషి. కోపం ఎక్కువ, పని నిదానం, గుండీల కాజాలు మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. చనిపోయిన మనిషి గురించి ఇంతకంటే పెద్ద మాటలు వాడితే ఆ మనిషి కనపడకుండా పోతుంది.

హోసూరులో బాగలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో చిన్న కట్టడం ఉంది. కింద రెండు షట్టర్లు, పైన ఒక పొడవాటి గది. ఆ గదిని అద్దెకు తీసుకుని ఆమె చాలా ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు, రవికలు కుట్టించింది. ఆమెతో ఐదుగురు ఆడవాళ్ళు పనిచేసేవారు. కొందరు వేప్పనపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళు, కొందరు ఫ్యాక్టరీ పనులకోసం ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. నేను ప్రభుత్వ బడిలో తెలుగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం ఆమెను బండి మీద తీసుకురావడం తప్ప ఆ గదితో నాకు పెద్దగా సంబంధం లేదు.

కట్టడం యజమాని కింద బట్టల దుకాణం నడిపేవాడు. దాన్ని తాకట్టుపెట్టి బ్యాంకు దగ్గర అప్పు తీసుకున్నాడు, తీర్చలేకపోయాడు. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడే షట్టరు మీద నోటీసు అంటించారు. ఆమె పోయిన కొద్దిరోజులకే బ్యాంకువాళ్ళు వచ్చి సామాను తీసుకొమ్మని కట్టడానికి సీలు వేశారు. కుట్టు మిషన్లను వేరేచోటు దొరికేదాకా అని మా ఇంటి హాల్లోకి తెచ్చాము. నేను లోపలి గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. బయట మిషన్లు నడిచేవి. ఆ చప్పుడు నాకు ఇష్టమో కాదో చెప్పలేను. అది ఆగిన రోజు ఈ ఇంట్లో ఇంకేమీ మిగలదని మాత్రం తెలుసు.

మాది అద్దె ఇల్లు. మేస్టారని గౌరవించి ఇంటి ఓనరు కొన్నాళ్ళు ఊరుకున్నాడు. తర్వాత ఒక ఉదయం పైకి వచ్చి నిలబడే మాట్లాడాడు. ఇంటి కరెంటు మీద వ్యాపారం మిషన్లు నడుపుతున్నారని బోర్డువాళ్ళకు తెలిస్తే ఫైను తనకు పడుతుందని, తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో ఎవరూ సామాను కదల్చరు కాబట్టి అది ముగిసేదాకా ఓర్చుకుంటానని, ఆపైన మిషన్లు ఉండకూడదని చెప్పాడు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తప్పు లేని మనిషి మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం.

గదులకోసం తిరిగాము. ఖాళీగా ఉన్నవాళ్ళు మొబైల్ షాపులకో బేకరీలకో ఇస్తామన్నారు. మోటారు మిషన్లు నడుస్తాయనగానే తల అడ్డంగా ఊపారు. ఒప్పుకున్న చోట్లు ఊరికి దూరం, ఆడవాళ్ళు నడిచి రాలేరు. అట్లా ఉండగా ఆ పాత కట్టడాన్నే బ్యాంకు వేలం వేస్తున్నదని తెలిసింది. నా రిటైర్మెంటు డబ్బు ఉంది. మా ఆవిడ తమ్ముడు, అంటే నా బామ్మర్ది, కృష్ణగిరిలో మామిడి మండీ నడుపుతాడు. కొంత తనూ వేసుకుంటానన్నాడు. కాని ఒక షరతు పెట్టాడు.

"నీ పేరు మీద వద్దు బావా. అక్క ఏడాది కానీ. నా పేరు మీద పాడుదాము. ఏడాదైనంక నువ్వు మార్పించుకో."

ఏడాది తిరగని ఇంటివాళ్ళు ఆస్తి కొనకూడదని మావాళ్ళ పట్టింపు. నాకు అట్లాంటి నమ్మకాలు లేవు. వాదించే ఓపికా లేదు.

"ఎవురి పేరైతే ఏమప్పా, గది కావల్ల" అన్నాను.

"అట్లనొద్దు. అక్క పని. చేసేది సరిగ్గా చేద్దాము."

కొనాలనుకునేవాళ్ళకు కట్టడం చూపించడానికి బ్యాంకు ఒక రోజు ఇచ్చింది. కృష్ణగిరి బ్రాంచి నుంచి ఒక కుర్ర ఆఫీసరు తాళాలు తెచ్చాడు. గోదావరి వైపువాడు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ముఖం వెలిగిపోయింది.

"బతికించారండీ మాస్టారూ! ఇక్కడ నా తమిళానికి అటెండరు కూడా నవ్వుతున్నాడండి."

కుట్టేవాళ్ళలో పెద్దామె కూడా నాతో వచ్చింది. మా ఆవిడ తర్వాత పని అంతా ఆమే చూసుకుంటున్నది. పైగదిలో పావురాల రెట్ట పేరుకుని ఉంది. మిషన్లు ఉన్నచోట నేల మీద నూనె మరకలు వరసగా ఉన్నాయి. నేను వాటిని చూసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె మాత్రం ప్లగ్గు పాయింట్లు లెక్కపెట్టి, గోడ మూల తడిమి, ఆఫీసరును పిలిచింది.

"నాయనా, ఈడ చూడు. వాన పడితే ఈ మూల కారతాది. వచ్చినోళ్ళందరికీ ఇది చూపించు, మర్చిపోవద్దు."

"అలా చూపిస్తే ఎవరు కొంటారండీ?"

"మేం కొంటాము గదా! మిగతావోళ్ళు పారిపోతారు."

"అమ్మా, నా ఉద్యోగం పోతుందండి" అని అతను నవ్వాడు. నోటీసులో 'ఉన్నచోట ఉన్నట్టుగా' అమ్ముతున్నామని రాసిన వాక్యం చూపించాడు. అంటే కారినా, కూలినా కొన్నవాడి ఖర్మ. ఆ నోటీసు మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే.

వేలం అంటే ఇప్పుడు చావడిలో కూర్చుని పాడేది కాదు. డిపాజిట్ కట్టినవాళ్ళు కంప్యూటరులో ధర వెయ్యాలి. శుక్రవారం పదకొండు నుంచి పన్నెండు దాకా టైము. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా ధర వేస్తే ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుంది. ఎవరూ వెయ్యకపోతే పన్నెండుకు మూసేస్తారు. ఇది నేను బామ్మర్దికి చదివి వినిపించాను, ఫోనులో మళ్ళీ చెప్పాను. అతను విన్నాడు. అతను ఆలోచిస్తున్నది వేరు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం.

మామిడి ముమ్మరంగా ఉన్న రోజులు. అతను మండీ వదిలి పొద్దున్నే హోసూరు వచ్చాడు. బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో కూర్చున్నాము. రాహుకాలం మొదలయ్యేలోపలే లాగిన్ అయిపోయాడు. ముందే లోపలికి పోయి కూర్చుంటే దోషం లేదట. ఆ తర్వాత చేతులు కట్టుకున్నాడు. అతని ఫోను మోగుతూనే ఉంది. బెంగళూరా రకం కాయ ఎంతకు దిగింది, జ్యూసు ఫ్యాక్టరీ లారీ వచ్చిందా అని ఒకటే మాటలు.

పక్క కంప్యూటరు ముందు పెయింట్ల షాపు నడిపే పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఊరందరికీ తెలిసిన మనిషి. ఆయన తెర మీద కూడా అదే కట్టడం ఉంది.

"ఏమప్పా మామిడాయనా, మీరూ దీనికేనా?"

"దీనికేనన్నా."

"వెయ్యండి మరి. చూస్తాము."

"పెద్దోళ్ళు, మీరు ముందు వెయ్యల్ల."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరూ వెయ్యలేదు. ఇద్దరూ గోడ గడియారం చూశారు. డిపాజిట్ కట్టినవాళ్ళు ముగ్గురని తెర చూపిస్తున్నది; ఆ మూడో పార్టీ ఎక్కడుందో తెలియదు, అదీ వెయ్యలేదు. పావుగంట మిగిలేసరికి నాకు ఉండబట్టలేదు.

"ఎవురూ వెయ్యకుంటే పన్నెండుకి మూసేస్తారని చెప్పినాను గదా" అన్నాను బామ్మర్దితో.

"ఎవురో ఒకరు వేస్తారు బావా. వేస్తే ఐదు నిమిషాలు పెరుగుతాది. పన్నెండు దాటినంక మనం వేద్దాము."

"ఆయనా అదే అనుకుంటా ఉంటే?"

"ఆయనకంత యాడ తెలుస్తాది."

"నాకు చెవులుండాయప్పా" అన్నాడు పెయింట్లాయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను మౌసు మీద చెయ్యి పెట్టాను. బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. "వద్దు బావా. అక్క పని" అన్నాడు. నేను చెయ్యి తీసుకున్నాను. పన్నెండుకు ఇంకా కొంచెం ఉందని గోడ గడియారం చెబుతుండగానే తెర మీద వేలం ముగిసిందని వచ్చింది. బ్యాంకు టైము బ్యాంకుది.

"మీరు వేస్తారని చూస్తా ఉంటినప్పా" అన్నాడు పెయింట్లాయన, నేరం మాదన్నట్టు.

"మీరు వేస్తారని మేము" అన్నాడు బామ్మర్ది.

బయట టీ కొట్టు దగ్గర నేను మాట పారేశాను. "గడియారం చూస్తా కూర్చుని గది పోగొట్టినావు" అన్నాను. అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆ పొద్దు అక్కను బెంగళూరు ఆస్పత్రికి ఎప్పుడు తీసకపోయినారు? సోమవారం ఎనిమిదికి. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా బాగలేదు, తొమ్మిదయినంక కదులుదామని నేను కాళ్ళావేళ్ళా పడినాను. నువ్వు విన్లేదు. నేనేమన్నా అన్నానా నిన్ను? ఇన్ని నెల్లలో ఒక్క మాట అన్నానా?"

అంబులెన్సు ఎనిమిదికి దొరికింది, ఎనిమిదికి బయలుదేరాము. డాక్టర్లు చెప్పినదాని ప్రకారం తొమ్మిదికి బయలుదేరినా, ముందురోజు బయలుదేరినా తేడా ఉండేది కాదు. అది అతనికి చెప్పవచ్చు. చెప్పి ప్రయోజనం లేదు. అతని దగ్గర ఒక కారణం ఉంది, నా దగ్గర అది కూడా లేదు. అతను టీ డబ్బులిచ్చి కృష్ణగిరి బస్సు ఎక్కాడు.

మర్నాడు ఆ కుర్ర ఆఫీసరు ఫోను చేశాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ముగ్గురు డిపాజిట్ కట్టారు, ముగ్గురూ లాగిన్ అయ్యారు. ఒక్కరూ వెయ్యలేదేంటండీ? మీరంతా కూడబలుక్కున్నారేమోనని పై ఆఫీసు నన్ను అడుగుతోందండి."

"శుక్రవారం పదకొండుకి పెట్టినారు గదా బాబూ" అన్నాను.

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"అయ్యబాబోయ్! రాహుకాలమని రిపోర్టు రాయమంటారా అండీ?"

"నిజం అదే."

"నిజమేనండి. రాయలేనండి."

ఏం రాశాడో నాకు తెలియదు. రెండోసారి వేలం ఆడి నెలలో పెట్టారు. మొదటిసారి ఎవరూ పాడలేదు కాబట్టి ధర తగ్గించారు. ధర తగ్గితే మాకు మంచిదని ఇంట్లో ఆడవాళ్ళు సంతోషపడ్డారు. తగ్గిన ధర మా ఒక్కరికే కనిపించదని నేను వాళ్ళకు చెప్పలేదు. అప్పటికే ఒకామె సెల్‌ఫోను విడిభాగాల ఫ్యాక్టరీలో చేరిపోయింది. కంపెనీ బస్సు సందు చివరికే వస్తుందట. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "గది వస్తే ఒక మాట చెప్పండి సార్, వచ్చేస్తా" అంది. గది ఆలస్యమైతే మిగతావాళ్ళు కూడా ఆ బస్సు ఎక్కుతారని నాకు తెలుసు. వాళ్ళను ఆగమనడానికి నాకేం హక్కుంది? ఓనరు మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడల్లా ఆడి నెల ఇంకెంత మిగిలిందో గుర్తుచేసేవాడు. నవ్వుతూనే అనేవాడు.

బామ్మర్దికి నేనే ఫోను చేశాను. టీ కొట్టు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

"ఈతూరి బుధవారం బావా. పదకొండు నుంచి పన్నెండు. చూసినాను. బాగుండాది. ఆడి అయినా ఏం కాదు, రాయించుకునేది ఆపైనే" అన్నాడు.

బుధవారం రాహుకాలం పన్నెండుకు మొదలవుతుంది. అంటే వేలం టైము అంతా మంచిదే. పొడిగిస్తే తప్ప. ఇది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడే ఆ మాట ఎత్తితే ఏం చేస్తాడోనని నేను నోరు మూసుకున్నాను.

ఈసారి కృష్ణగిరిలో అతని మండీలోనే కూర్చున్నాము. సీజను దాదాపు అయిపోయింది. ఖాళీ క్రేట్లు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. చివరికాయ కుళ్ళిన తీపి వాసన. కుట్టేవాళ్ళలో పెద్దామె పొద్దున్నే బస్సెక్కి వచ్చి మా వెనక స్టూలు మీద కూర్చుంది. రావద్దంటే వినలేదు.

పదకొండుకే ధరలు మొదలయ్యాయి. ఎదుటివాళ్ళ పేర్లు కనిపించవు, అంకెలు కనిపిస్తాయి. చాలామంది వచ్చారు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువని ఆఫీసరు ముందే చెప్పాడు. బామ్మర్ది చురుగ్గా వేశాడు. మండీలో కాయ కొన్నట్టే వేశాడు, ఎదుటివాడు వెయ్యగానే ఒక మెట్టు పైన. ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి మేమూ ఇంకొకరూ మిగిలాము. పన్నెండుకు కొంచెం ముందు అవతలివాళ్ళు వేశారు. టైము పెరిగింది.

పన్నెండయింది.

బామ్మర్ది మౌసు వదిలాడు. నేను ఏమీ అనకూడదని నిర్ణయించుకుని వచ్చాను. పెద్దామె స్టూలు మీంచి లేచి ముందుకు వచ్చింది.

"ఏమప్పా, ఆపేసినావు?"

"రాహుకాలం వచ్చేసిందమ్మా."

"ఊఁ" అంది ఆమె. ఆమెకూ ఆ పట్టింపు ఉంది. మా ఇంట్లో కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టడానికి ముందు క్యాలెండరు చూసేది ఆమే. అందుకే వెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. నిలబడింది, అంతే.

బామ్మర్ది నావైపు చూశాడు. నేను తెరవైపు చూశాను. సెకన్లు తగ్గిపోతున్నాయి. అతను కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, మౌసు నొక్కాడు.

అవతలివాళ్ళు మళ్ళీ వేశారు. ఇతను మళ్ళీ నొక్కాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ముఖమంతా చెమట. ఆపైన మేమనుకున్న హద్దు దగ్గరికి వచ్చేసింది. అతను నన్ను అడగకుండానే దాన్ని దాటి ఒక మెట్టు వేశాడు. ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తాడో నాకు తెలియదు, అతనికీ తెలిసి ఉండదు. అవతలివాళ్ళు ఇంకో మెట్టు వేశారు. వాళ్ళకు ఆలోచించాల్సిన పని ఉన్నట్టు లేదు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను.

"చాలప్పా" అన్నాను.

టైము అయిపోయింది. తెర మీద ముగిసిందని వచ్చింది.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూసినావా బావా? దాంట్లో వేసినాను. అందుకే పోయింది."

మొదటిసారి వెయ్యలేదు కాబట్టి పోయింది. రెండోసారి అవతలివాళ్ళ దగ్గర మాకంటే డబ్బెక్కువ కాబట్టి పోయింది. బడిపిల్లలకు చెప్పినట్టు ఇది చెప్పవచ్చు. చిన్నప్పటినుంచీ నమ్ముతున్నదాన్ని పక్కకునెట్టి అక్కకోసం నొక్కిన మనిషికి ఆ క్షణంలో అది చెప్పడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ చెప్పలేదు. అతను ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాడు. రాహుకాలం చూడకపోతే ఏమవుతుందో చెప్పాల్సి వచ్చినప్పుడు తన బంధువులకు ఈ కథే చెబుతాడని విన్నాను. నాకు కోపం వస్తుంది. ఎవరి మీదనో తెలియని కోపం, కాబట్టి దానితో చెయ్యగలిగిందేమీ లేదు.

ఆ కట్టడం బెంగళూరులో ఏదో గృహోపకరణాల వ్యాపారం చేసేవాళ్ళకు వెళ్ళింది. కింద అద్దాలు బిగించారు. పైగది గోడౌను. ఒకసారి వాళ్ళ మేనేజరును అడిగి చూశాను, పైగది అద్దెకిస్తారా అని. మర్యాదగానే లేదన్నాడు.

ఆడి నెల ముగిసింది. ఒక ఆదివారం గూడ్స్ ఆటో పిలిచి మిషన్లను ఎవరింటికి వాళ్ళవి పంపించాము. ఒకామెది ఒంటి గది ఇల్లు, మిషను పెట్టడానికి మంచం బయటికి తీయాల్సి వచ్చింది. ఎవరింట్లో వాళ్ళు విడివిడిగా కుట్టుకుంటారు, దొరికితే రవికలు, లేకపోతే జిప్పులు మార్చడం. యూనిఫారాల ఆర్డరు అట్లా కుదరదు. ఒకరు కత్తిరించాలి, అందరూ ఒకే కొలతకు కుట్టాలి. అదే మా ఆవిడ ఇన్నేళ్ళూ నడిపిన పని. అది అయిపోయిందనుకున్నాను.

ఆటో నాలుగోసారి వచ్చి వెళ్ళాక హాల్లో కత్తిరింపు బల్ల ఒకటే మిగిలింది. పెద్ద బల్ల, ఎవరింట్లోనూ పట్టదు. పాత సామానువాణ్ణి పిలుద్దామన్నాను. పెద్దామె దాని మీద చేతులానించి నిలబడింది.

"సారూ, ఓనరు దేనికి వద్దన్యాడు?"

"మిషన్లకు. కరెంటు కదా."

"కత్తెరకు కరెంటేమిటికి?"

నేను జవాబు చెప్పేలోపలే ఆమె కిందికి దిగి ఓనరును అడిగి వచ్చింది. ఏం మాట్లాడిందో తెలియదు. బల్ల ఉంటే ఉండనీ అన్నాడట, ఎనిమిదికి ముందు మాత్రం మెట్ల మీద చప్పుడు చెయ్యొద్దన్నాడట.

ఇప్పుడు ఆమె పొద్దున వచ్చి బడి గుడ్డ పరిచి కత్తిరిస్తుంది. మిగతావాళ్ళు వచ్చి ఎవరి మూట వాళ్ళు కట్టుకుని ఇళ్ళకు తీసుకుపోతారు. కొలతలు తేడా వస్తున్నాయి, రంగు దారం ఒకరింట్లో ఉంటే గుండీలు ఇంకొకరింట్లో ఉంటున్నాయి, కుట్టినవి తెచ్చి ఇవ్వడం ఆలస్యమవుతున్నది. ఒక బడివాళ్ళు ఇప్పటికే విసుక్కున్నారు. వచ్చే ఏడు ఆర్డరు ఇస్తారో లేదో. ఫ్యాక్టరీలో చేరినామె ఫోను చేసి గది సంగతి అడిగింది. లేదన్నాను. బల్ల సంగతి చెప్పాను. అది విని ఆమె బస్సు వచ్చిందని పెట్టేసింది.

పదిన్నరకల్లా మూటలన్నీ వెళ్ళిపోతాయి. నేను బల్ల కింద పడిన ముక్కలు ఊడ్చి, ఒక పక్క కాస్త చోటు చేసుకుని పుస్తకం తెరుస్తాను. సాయంత్రందాకా ఇంట్లో చప్పుడు ఉండదు. చదవడానికి ఇంతకంటే వీలైన ఇల్లు ఉండదు. చదవలేకపోతున్నాను.